హూకరు నది ఒడ్డున అల్సీరా పట్టణము

గడచిన సార్వా నారుమళ్ల కాలమున మేము విత్తనశుద్ధి ప్రదర్శనము నిమిత్తమై ఒక గ్రామమునకు పోయియుంటిమి. చావడి అరుగుమీద ఉప్పునీటి తొట్టి పెట్టి, తాలుగింజ తేలుటయు గట్టిగింజ మునుగుటయు రైతులకు చూపుచుంటిమి. ఇంతలో శివారు పొలములవారు పదిపండ్రెండుమంది పలుగులు పారలు చేతబట్టి కాలువ తూము వైపునకు పరుగున పోవుట కంటిమి. ఎగువవారు రాత్రివేళ నీరంతయు తమ బోదెలకు మరల్చుకొనిరని వారి ఫిర్యాదు. ప్రదర్శనము చూచుచున్నవారిలో సగముమంది వారి వెంట పోయిరి. మిగిలిన వారిలో ఒక వృద్ధుడు మమ్ము చూచి, “అయ్యా, తమరు విత్తనము బాగుచేయుమని చెప్పుచున్నారు. నీరు రాని చేనిలో మంచి విత్తనమైననేమి, చెడ్డ విత్తనమైననేమి?” అని అడిగెను. ఆ దినమున ఆయనకు చెప్పదగిన జవాబు మాకు తోచలేదు. ఈ వ్యాసము ఆలస్యముగా ఇచ్చుచున్న జవాబు.

ఇట్టి తగవు మనకొక్కరికే గలది కాదు. కాలువ క్రింద వ్యవసాయము సాగుచోట్ల నెల్ల ఎగువ, దిగువ అను రెండు మాటలును, వాటి నడుమ ఒక కలహమును పుట్టుచునే యున్నవి. అయితే కొన్నిచోట్ల రైతులు ఆ కలహమునకు పద్ధతి ఏర్పరచుకొని వందలకొలది ఏండ్లు దానిని నిలుపుకొనిరి. అట్టి చోట్లలో స్పెయిను దేశపు తూర్పుతీరమునకు చేరువనున్న అల్సీరా పట్టణ ప్రాంతమొకటి. మేము దానిని కన్నులార చూచినవారము కాము. గ్రంథములు చదివి తెలిసికొనినదానిని పాఠకులకు విన్నవించుచున్నాము.

నడియేటి పట్టణము

అల్సీరా వాలెన్సియా నగరమునకు దక్షిణమున సుమారు 40 కిలోమీటర్ల దూరమున, హూకరు నది ఒడ్డున నున్నది. ఇప్పటి జనసంఖ్య సుమారు 45 వేలు; అనగా మన దేశపు లెక్కలో ఒక తాలూకా పట్టణమంత. హూకరు నది క్వెంకా ప్రాంతపు కొండలలో పుట్టి, సుమారు 500 కిలోమీటర్లు ప్రవహించి, కుల్యేరా అను ఊరివద్ద మధ్యధరా సముద్రమున కలియుచున్నది. మన గోదావరి, కృష్ణలతో పోల్చిన చిన్న నదియే. అయినను చిన్న నదియని దానిని తేలికగా చూచినవారు చిక్కులపాలైన సంగతి ముందు చెప్పెదము.

పాతపట్టణము నది వంపు నడుమ, నదికిని దాని పాయకును మధ్య లంకవలె నుండెడిది. అరబ్బీ భాషలో అల్ జజీరా యనగా లంక. ఆ మాటయే నేటి పేరుగా మారినది. ఆ పట్టణమునకు చలికాలమున పడవలమీదను, వేసవిలో రేవుదాటి కాలినడకను పోయెడివారని ఆనాటి అరబ్బు భూగోళ రచయితలు వ్రాసిరి. మన లంక గ్రామములవారికి ఈ వర్ణన వింతగా తోచదు. ఇప్పుడా పాయ లేదు. దానిని పూడ్చి వెడల్పైన వీధిగా మార్చిరి. పూర్వపు వంతెనమీద నుండిన పట్టణపు రక్షక సాధువుల విగ్రహములు మాత్రము తమ మంటపములతో ఆ వీధిలో నిలిచియున్నవి. వంతెన లేని వంతెన విగ్రహములను చూచిన కొత్తవారికి ఇచట నొకప్పుడు ఏరు పారెనని తెలియును.

ఇబ్ను ఖఫాజా యను ప్రసిద్ధ అరబ్బీ కవి 1058లో ఈ ఊరనే పుట్టెను. ఆయన రాజాస్థానములను ఆశ్రయించి బ్రతుకవలసిన అక్కర లేని భూస్వామి. తోటలను, ఏళ్లను, చెట్లను వర్ణించుటలో ఆయనకు సాటి లేరని పేరు. జనులు ఆయనను తోటమాలి యనియే పిలిచిరి. ఒక సీమలోని ఉత్తమ కవికి తోటమాలి యను బిరుదు దక్కినదన్న, ఆ సీమవారు తోటను ఎంత గౌరవించిరో ఊహింపవచ్చును.

1242 డిసెంబరు 30వ తేదీన ఆరగాను ప్రభువైన మొదటి జేమ్సు రాజు అల్సీరాను ముస్లిము పాలకులనుండి వశపరచుకొనెను. రాజ్యము మారినను పొలములు, బోదెలు, వాటి పేళ్లు మారలేదు. స్పెయినువారు నేటికిని సాగు కాలువను అసేకియా యందురు. అది సాకియా యను అరబ్బీ మాట. అల్జెమెసీ, అల్బెరిక్, బెనిముస్లెమ్ మొదలగు చుట్టుపట్ల ఊళ్ల పేళ్లన్నియు అరబ్బు కాలపువే. ముస్లిముల సంతతివారిని, అప్పటికి క్రైస్తవ మతము పుచ్చుకొనియున్నవారిని సైతము, 1609లో ఆ దేశపు రాజు ఓడలెక్కించి వెడలగొట్టెను. వాలెన్సియా రాజ్యపు జనములో సుమారు మూడవవంతు ఆ విధముగా పోయిరి. కాలువలు త్రవ్విన చేతులు పోయెను, కాలువలు నిలిచెను. వచ్చిన కొత్తవారు పోయినవారి పద్ధతులనే అనుసరింపవలసినవారైరి.

రాచకాలువ

జేమ్సు రాజు పట్టణమును పట్టిన పిమ్మట, 1258 ప్రాంతమున, హూకరు నదినుండి ఒక పెద్దకాలువ త్రవ్వింప మొదలిడెను. దానిని అసేకియా రెయాల్, అనగా రాచకాలువ, యందురు. అల్సీరాకు ఎగువన ఆంతెల్లా యను గ్రామమువద్ద నదికి అడ్డముగా కట్ట కట్టి, ఎడమ ఒడ్డున తూములుంచి, నీటిని మరల్చిరి. మొదట ఇది అల్జెమెసీ వరకే పారెను. 18వ శతాబ్దమున ఈహరు ప్రభువను జమీందారు దానిని ఉత్తరముగా పొడిగించి, అల్బుఫేరా యను సరస్సు చుట్టునున్న పల్లపు భూములకు నీరు తెచ్చెను. ఇట్లు కాలువ పొడవు 50 కిలోమీటర్లు మించెను.

పొడిగించిన వెంటనే మనము ఎరిగిన తగవే పుట్టెను. పాతభాగమువారు “నీరు మొదట మాది” అనిరి. కొత్తభాగమువారు “మేమును శిస్తు కట్టుచున్నాము గదా” అనిరి. తరములకొలది వాదములు సాగెను. తుదకు 1845లో కాలువకంతటికిని నిబంధనావళి వ్రాసి, ఉభయులను ఒక్క కట్టుబాటు క్రిందికి తెచ్చిరి. తగవు పూర్తిగా సమసినదని మేము చెప్పము. అది పలుగుపారల చేతినుండి సభామందిరమునకు వచ్చెననియే మా భావము. అదియే పెద్ద లాభము.

ఈ సీమ కాలువల కట్టుబాట్లలో మన రైతులు గమనింపదగినవి నాలుగు గలవు.

మొదటిది, నీరు భూమిని అంటిపెట్టుకొని యుండును. భూమి ఎంత గలదో నీటి హక్కును అంత. నీటిని వేరుగా అమ్ముకొనుటకు వీలులేదు. అదే దేశములో ఎల్చే, లోర్కా యను చోట్ల నీటికి పొలముతో సంబంధము లేక, వేలముపాటలో అమ్ముడుపోవుచుండెను. అచ్చట సొమ్ముగలవాడు వేలములో నెగ్గును. బీదవాని పైరు ఎండును.

రెండవది, ఖర్చులో వంతు. కాలువ మరామతుకును, పూడికతీతకును, కావలివారి జీతములకును ప్రతివాడు తన విస్తీర్ణమును బట్టి చందా ఇయ్యవలెను. అచటి కొలత హనెగాడా. అది మన 20 సెంట్లకు సమానము. 20 సెంట్లు గలవాడును ఇచ్చును, 20 ఎకరములు గలవాడును ఇచ్చును. ఇచ్చినవాని పేరే పట్టికలో నుండును. పిల్లబోదెలు ఎవరి పొలము ప్రక్కనున్నవి వారే తీసికొనవలెను.

మూడవది, కరవు వచ్చినప్పుడు వంతు. నీరు నిండుగా నున్నప్పుడు ఎవరికి కావలసినది వారు పెట్టుకొందురు. నీరు తగ్గినప్పుడు ఆ స్వేచ్ఛ పోవును, వంతులు ఏర్పడును, కాలువ అధికారి మాట చెల్లును. ఈ అధికారిని వారు సెకియేర్ అందురు.

నాలుగవది, తీర్పు. వాలెన్సియా నగరమున తూరియా నది కాలువలకు ఒక నీటి న్యాయస్థానము గలదు. ప్రతి గురువారము మధ్యాహ్నము పెద్దదేవాలయపు వాకిట ఎనిమిది కాలువల రైతు ప్రతినిధులు కూర్చుందురు. ప్లీడర్లు లేరు, అర్జీలు లేవు, నోటిమాటగా విని అప్పటికప్పుడే తీర్పు చెప్పుదురు. ఎవనిపై ఫిర్యాదు వచ్చినదో వాని కాలువ ప్రతినిధి ఆ తీర్పులో పాల్గొనరాదు. 2009లో ఐక్యరాజ్యసమితి విద్యా సంస్కృతి శాఖవారు ఈ న్యాయస్థానమును మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించిరి. అల్సీరా రాచకాలువ దీని అధికారము క్రింద లేదు. వారి సంఘము వారిదే. కాని ఆ సీమ రైతుల మనస్సు ఎట్టిదో తెలియుటకు దీనిని చెప్పితిమి.

మన దేశమునకును ఆ కాలువలకును గల సంబంధము

గోదావరి ఆనకట్ట 1852లోను, కృష్ణ ఆనకట్ట 1855లోను పూర్తియైన సంగతి పాఠకులకు తెలిసినదే. ఆనకట్టలు కట్టుట ఒక విద్య, నీరు పంచుట వేరొక విద్య. ఈ రెండవ విద్యను నేర్చుకొనుటకై ఇంగ్లీషు ప్రభుత్వము స్పెయినువైపు చూచెను. నీలగిరులకు సింకోనా మొక్కలు తెచ్చిన క్లెమెంట్సు మార్కం దొరగారు తూర్పు స్పెయిను నీటిపారుదలనుగూర్చి 1867లో నివేదిక వ్రాసెను. ఆ వెంటనే, 1867, 68 సంవత్సరములలో, కాలిన్ స్కాట్ మాన్‌క్రీఫ్ అను ఇంజనీరును ఇండియా ప్రభుత్వము ఫ్రాన్సు, స్పెయిను, ఇటలీ దేశములకు పంపి కాలువలను పరిశీలింపజేసెను. మన దేశపు కాలువల మేలునకై సర్కారు అంతదూరము మనుష్యులను పంపి తెలిసికొనగోరిన విషయమిది. మనము ఇంటికడ కూర్చుండి చదివి తెలిసికొనుటలో తప్పేమి?

పట్టు పోయి నారింజ వచ్చుట

18వ శతాబ్దమున అల్సీరా ప్రాంతపు కాలువ గట్లన్నియు మల్బరీ చెట్లతో నిండియుండెను. ఇంటింట పట్టుపురుగులు పెంచెడివారు. 19వ శతాబ్దపు నడిభాగమున పురుగులకు పెబ్రీను అను తెగులు వచ్చి పెంపకము నాశనమయ్యెను. రైతులు మల్బరీ చెట్లను నరికివేసిరి. ఒక్క పంటనే నమ్మిన సీమకు ఆ పంట పోయిన ఎట్లుండునో మనకును తెలియును.

అయితే వారికి మారుదారి అప్పటికే సిద్ధముగా నుండెను. అల్సీరా ప్రక్కనే కార్కషెంత్ అను ఊరు గలదు. 1781లో ఆ ఊరి మతగురువు విసెంతే మోన్సో యనువాడు ఒక నోటరీతోను, ఒక మందుల వర్తకునితోను కలిసి, పెరటి అలంకారముగా పెంచుచుండిన తీపినారింజను పొలములో తోటగా నాటించెను. అమ్మకమునకై పెంచిన నారింజతోటలలో ఆ సీమకు అదియే మొదటిది. ప్రదర్శన క్షేత్రమనునది అదియే గదా! ముగ్గురు మనుష్యులు తమ సొమ్ముతో చేసి చూపినదానిని సీమయంతయు 70 ఏండ్ల పిమ్మట అనుసరించెను. కాలువ ఎక్కని మెరకలలో బావులు త్రవ్వి, మొదట పశువులచేతను, తరువాత ఆవిరి యంత్రములచేతను నీరు తోడి తోటలు పెంచిరి. రైలుమార్గము వచ్చినతోడనే పండ్లు ఓడరేవునకు, అచటినుండి ఇంగ్లండు మొదలగు దేశములకు పోజొచ్చెను.

ఇచట ఒక ముచ్చట. స్పెయినువారు ఈ పండును నరంహా యందురు. సంస్కృతపు నారంగము పారసీకమునకు, అరబ్బీకి పోయి, అరబ్బులవెంట స్పెయిను చేరి ఆ రూపము దాల్చినది. మనము నారింజ యనుటయు, వారు నరంహా యనుటయు ఒకే మాట.

పండు మంచిదైనను అమ్మకము రైతు చేతిలో లేదు. కాయ చెట్టుమీద నుండగనే వర్తకుడో దళారియో తోట చుట్టును తిరిగి, కంటి అంచనాతో మొత్తమునకు బేరము చేయును. మన మామిడి తోటల బేరమువలెనే. సగటు రైతు తోట రెండుమూడు ఎకరములు మించదు గాన వాడు బేరము కాదనలేడు. దీనికి విరుగుడుగా సహకార సంఘములు లేచినవి. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చెను; స్పెయినులో వ్యవసాయ సంఘముల చట్టము 1906లో వచ్చెను. ఉభయులమును ఒకే ఈడువారము. తరువాత గ్రామ సంఘములు కలిసి 1975లో వాలెన్సియాలో అనెకూప్ అను అమ్మకపు సమాఖ్యను ఏర్పరచుకొనెను. తోట సభ్యునిది, ఏరివేత, తూనిక, పెట్టెకట్టు సంఘపు గిడ్డంగిలో, పరదేశములలో అమ్మకము సమాఖ్యది. గిడ్డంగిలో కాయ ఏరి కాగితము చుట్టి పెట్టెలలో పేర్చు పనిలో ఆ సీమ స్త్రీలు పూర్వమునుండి ఆరితేరినవారు.

నారింజకును గండములు తప్పలేదు. 1956 ఫిబ్రవరిలో పడిన మంచునకు తోటలు మాడిపోయెను. మరుసటి యేడు, 1957లో, ట్రిస్టెజా యను వైరసు తెగులు కనిపించెను. చేదునారింజ మూలముమీద కట్టిన అంట్లన్నియు దీనికి లోబడి కోట్లకొలది చెట్లు క్రమముగా చచ్చెను. ఆ సీమ పరిశోధకులు 1975 నుండి ఒక పని పట్టిరి. చెట్టు కొనచిగురులోని అతిసూక్ష్మమైన భాగమును గాజుగొట్టములో చిన్న మొలకపై అంటుకట్టి, వైరసు లేని తల్లిమొక్కలను తయారుచేసిరి. తెగులును ఓర్చు మూలములను ఎన్నుకొనిరి. పరీక్షింపబడిన కొమ్మతప్ప వేరొకటి నర్సరీలో వాడరాదనిరి. చీనీ తోటలు వేయదలచిన మన సభ్యులు సంతలో చౌకగా దొరకిన అంటు కొనక, రంగపూరు నిమ్మ మూలముమీద నమ్మకమైన తల్లిచెట్టునుండి కట్టిన అంటునే అడిగి కొనవలెనని మేము పలుమారు చెప్పుచున్నది ఇందులకే.

రైతులు కట్టించిన జలాశయము

హూకరు నది వేసవిలో సన్నగిలును. నారింజకు వేసవిలోనే నీరు కావలెను. 1941లో రాచకాలువవారును, దిగువనున్న సువేకా, కుల్యేరా మొదలగు కాలువలవారును, విద్యుత్తు కంపెనీలును కలిసి ఒక సమాఖ్యగా ఏర్పడి, నదికి ఎగువన అలర్కోన్ అను చోట జలాశయము కట్టుటకు పూనుకొనిరి. సర్కారు కట్టి ఇచ్చుననియు తాము వాడుకొందుమనియు వారు కాచుకొని కూర్చుండలేదు. ఖర్చు తామే భరించిరి. ఆ జలాశయమున సుమారు 111 కోట్ల ఘనపు మీటర్లు, అనగా మన లెక్కలో 39 టి.యం.సి. నీరు పట్టును.

ఎగువ దిగువ యని పోరాడువారు కలిసి సొమ్ము వేసికొని ఇంతపని చేయగలిగిరన్న, అది హఠాత్తుగా జరిగినది కాదు. ఏటేట చందా వసూలుచేసి, పద్దు వ్రాసి, సర్వసభ్య సమావేశమున చదివి వినిపించిన అలవాటు వారికి వందల ఏండ్లుగా నుండెను. పద్దు సరిగానుండు సంఘమునకే పెద్దపని సాధ్యము. 2001లో వారు ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, తమ నీటి హక్కునకు ముందుస్థానము నిలుపుకొని, జలాశయమును ఇతర అవసరములతో కలిపి నడుపుటకు ఒప్పుకొనిరి.

1982 అక్టోబరు 20

ఇంతవరకు నీరు లేని చిక్కు చెప్పితిమి. ఇక నీరు మించిన చిక్కు.

ఆ తీరమున సెప్టెంబరు మొదలు నవంబరు వరకు సముద్రము వెచ్చగా నుండగా, పైనుండి చల్లనిగాలి దిగినప్పుడు, ఏడాదిలో పడవలసిన వాన ఒక్కటి రెండు దినములలో కురియును. మన కార్తికపు తుపానులవలె. 1864 నవంబరు 4వ తేదీన వచ్చిన వరద అల్సీరాను, చుట్టుపట్ల ఊళ్లను ముంచివేసెను; దానినిగూర్చి మిగేల్ బోష్ అను ఇంజనీరు సర్కారుకు నివేదిక వ్రాసి, ఎగువ కొండలలో అడవులు నిలుపుమని చెప్పెను. ఆ వరదను తాతలు మనుమలకు కథగా చెప్పెడివారు.

20వ శతాబ్దమున వరదను ఆపుటకై ఆంతెల్లాకు ఎగువన తౌస్ అను చోట కట్ట కట్టిరి. అది రాతికట్ట, నడుమ బంకమట్టి గోడ. అట్టి కట్టమీదుగా నీరు పొర్లరాదు. పొర్లినచో రాళ్లు కొట్టుకొనిపోవును. అందులకే అలుగునకు ఇనుప తలుపులుంచిరి. 1982 అక్టోబరు 19, 20 తేదీలలో కుంభవృష్టి కురిసెను. నీరు పెరిగెను, తలుపులు ఎత్తవలెను. గాలివానకు విద్యుత్తు పోయియుండెను. అట్టి సమయమునకై ఉంచిన డీసెలు యంత్రములు అక్కరకు రాలేదు. తలుపులు లేవలేదు. నీరు కట్టమీదికెక్కెను. 20వ తేదీ సాయంకాలము ఏడుగంటలు దాటిన పిమ్మట కట్ట తెగిపోయెను. సెకనుకు సుమారు 15,000 ఘనపు మీటర్ల నీరు, మన లెక్కలో 5 లక్షల క్యూసెక్కులకు పైగా, ఆ చిన్న నదిలో దిగినదని ఇంజనీర్ల అంచనా.

చీకటిపడువేళ ఆ నీరు ఊళ్లమీద పడెను. అల్సీరా వీధులలో మనిషి నిలువునకు మించి నీరు నిలిచెను. 30 మందికి మించి మరణించిరి. లక్షమంది ఇండ్లు విడువవలసివచ్చెను. గవర్దా, బెనెషీదా యను గ్రామములు మరల బాగుపడరానంతగా పాడగుటచే మెరకమీద కొత్త గ్రామములు కట్టవలసివచ్చెను. తోటలలో ఒండ్రుమట్టి మేటవేసెను. నష్టపరిహారమునకై బాధితులు కోర్టులకెక్కిరి. ఆ వ్యాజ్యము 15 ఏండ్లు సాగి, 1997లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము పరిహారమునకు ప్రభుత్వము బాధ్యురాలని తీర్పు చెప్పెను. ఈలోగా తీర్పు వినకుండ కన్నుమూసినవారెందరో. కొత్త తౌస్ కట్ట 1996లో పూర్తియయ్యెను.

ఈ సంగతిని మేము పలుమారు తలపోసితిమి. అదే నదిమీద, కొద్దిపాటి దూరములో, రెండు పనులున్నవి. ఒకటి 1258లో మొదలిడిన కాలువ. అది ఎన్నియో వరదలను, యుద్ధములను, రాజులను దాటి నేటికిని పారుచున్నది. రెండవది గొప్ప శాస్త్రముతో కట్టిన ఆనకట్ట. అది కొద్ది ఏండ్లకే ఒక్క సాయంకాలమున పోయెను. కాలువ గొప్పది, ఆనకట్ట చెడ్డది యని మేము చెప్పుట లేదు. ఆనకట్టలు లేనిదే మన డెల్టాలకు అన్నము లేదు. కాలువను ఏటేట తెరచి, మూసి, పూడికతీసి చూచుకొను రైతులు ఎల్లప్పుడును కాలువ గట్టునే యుండిరి. కట్టయొక్క తలుపులు మాత్రము అక్కరవచ్చిన రాత్రి లేవలేదు. భేదమంతయు ఇందులోనే గలదు. కట్టుట ఒకనాటి పని, కాచుట నిత్యపు పని.

నేటి అల్సీరా

వరద తరువాత పట్టణము మరల లేచి నిలిచెను. ఆ ఊరి లూయిస్ సున్యేర్ అను పారిశ్రామికుడు, అట్టపెట్టెలు, కోళ్లు, ఐసుక్రీము వర్తకములలో పెరిగి, ఒకప్పుడు స్పెయినులో అందరికంటె ఎక్కువ ఆదాయపు పన్ను కట్టినవాడను పేరొందెను. 1981లో బాస్కు సాయుధ సంఘమువారు ఆయనను అపహరించి సుమారు మూడునెలలు బంధించి విడిచిరి. ఆయన 1990లో చనిపోయెను.

తోటలకు నేడు వేరు చిక్కులు వచ్చినవి. ఇతర దేశముల పండు చౌకగా వచ్చి ధర పడిపోవుచున్నది. పిల్లలు నగరములకు పోవుటచే ముసలివారే తోటలలో మిగులుచున్నారు. కొన్ని తోటలు బీడుపడినవి. కొందరు నారింజ తీసివేసి కాకీ యను పండుతోటలు వేసిరి. ఆ పండు పచ్చిగట్టిగా నున్నప్పుడు వగరు. సహకార గిడ్డంగులలో బొగ్గుపులుసు వాయువు నింపిన గదులలో ఉంచి వగరు తీసి, గట్టిపండుగనే అమ్ముచున్నారు. కొన్నాళ్లు మంచిధర పలికెను. పిమ్మట అందరును అదే నాటుటచేతను, పిండినల్లి పట్టుటచేతను అదియు తగ్గెను.

రాచకాలువ క్రింద బోదెలకు బదులు గొట్టములువేసి బొట్టునీటి పద్ధతి పెట్టుచున్నారు. నీరు, ఎరువు ఆదాయగును. కాని పూర్వము బోదెలనుండి మిగిలిపారిన నీరే అల్బుఫేరా సరస్సునకు పోయి దాని చుట్టునున్న వరిపొలములను, చేపలను, పక్షులను పోషించెడిది. ఒకరికి వృథా యైనది వేరొకరికి ఆధారమని ఇప్పుడు తెలిసి, ఎంత ఆదా చేయవలెను, ఎంత విడువవలెనను చర్చ సాగుచున్నది. 2024 అక్టోబరు 29న మరల అట్టి వాన కురిసి, వాలెన్సియా ప్రాంతమున 220 మందికి పైగా మరణించిరి. ప్రక్క ఊరైన అల్జెమెసీలోనికి హూకరు ఉపనదియైన మాగ్రో పొర్లివచ్చెను. నది తన దారిని మరువదు, మనుష్యులే మరతురు. నీరు పల్లమెరుగునని మన పెద్దలు ఊరక అనలేదు.

మనము చేయదగినది

మన రాష్ట్రమున 1997లో రైతుల యాజమాన్య చట్టము చేయబడి, పదివేలకు పైగా నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడినవి. చట్టము వచ్చినంతమాత్రమున సంఘము రాదు. మా సలహా స్వల్పమైనది. తూమువద్ద ఒక పలకమీద ఆ తూము క్రింది రైతుల పేళ్లు, విస్తీర్ణము, వంతు గడియలు వ్రాసి అందరికి కనబడునట్లు నాటుడు. నీరు విడుచుటకు నెలముందే పూడిక తీయుడు. తూము పలకలను, మరలను, చమురు వేసి పైకి క్రిందికి త్రిప్పి చూడుడు. తగవు వచ్చినప్పుడు ఆ బోదెవారిని ప్రక్కకుంచి వేరొక బోదె సభ్యులచేత తీర్పు చెప్పించుడు. శివారు రైతునొకనిని తప్పక కమిటీలో నుంచుడు. చివరి మడికి నీరందినప్పుడే కాలువ బాగున్నదని లెక్క.

ఆ వృద్ధుడు అడిగినది న్యాయమైన ప్రశ్న. నీరు రాని చేనిలో విత్తనశుద్ధి వ్యర్థమే. అయితే నీరు ఆకాశమునుండి, ఆనకట్టనుండి వచ్చినంతలో చేను తడియదు; ఎగువవాడు తన పలక దించినప్పుడే తడియును. వచ్చు సార్వాలో మేము మరల ఆ గ్రామమునకు పోవలసియున్నది. ఉప్పునీటి తొట్టితోపాటు, తూమువద్ద నాటుటకు రంగువేసిన పలకనొకదానిని కూడ వెంట తీసికొనిపోవ నిశ్చయించితిమి. పేళ్లు వ్రాయుట మాత్రము ఆ గ్రామస్థుల పని.